చర్మం కింది ఎన్‌ఎఫ్‌సీ చిప్‌ని ఫోన్ చదవకపోతే: నా అనుభవం

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కింద పెట్టించుకున్న గాజు గొట్టం చిప్‌ని (12 మి.మీ. పొడవు, 2 మి.మీ. మందం; ఎన్‌ఎఫ్‌సీ అంటే దగ్గర పెడితే తీగ లేకుండానే సమాచారం అందించే పద్ధతి) పదిసార్లు చూపిస్తే ఫోన్ ఒక్కసారి చదివేది, పాడైందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. రీస్టార్ట్, వేరే యాప్, గట్టిగా నొక్కడం, ఏదీ పనిచేయలేదు.

ముందు ఫోన్ కవర్ తీసేశాను. తర్వాత మామూలు ఎన్‌ఎఫ్‌సీ కార్డుని ఫోన్ వెనక మెల్లగా జరిపి యాంటెన్నా ఎక్కడుందో కనుక్కున్నాను. అసలు కిటుకు ఇక్కడే ఉంది: చిప్‌ని యాంటెన్నా చుట్ట మధ్యలో కాదు, దాని అంచు మీద, తీగకి అడ్డంగా పెట్టాలి. గొట్టంలో తీగ ఫెరైట్ (అయస్కాంత క్షేత్రాన్ని తనలోకి పోగుచేసే పదార్థం) కడ్డీకి చుట్టి ఉంటుంది కాబట్టి అయస్కాంత క్షేత్రం గొట్టం పొడవునా సాగితేనే దానికి పవర్ అందుతుంది, చుట్ట మధ్యలో ఆ క్షేత్రం ఫోన్‌లోంచి నిటారుగా బయటికొస్తుంది గనక పడుకుని ఉన్న చిప్‌కి దాదాపు ఏమీ దక్కదు. అలా పెట్టి, ఒక్కో మిల్లీమీటరు జరుపుతూ ప్రతిచోటా పదేసిసార్లు చూశాను. ఒకచోట పదికి పది! అక్కడే మధ్యలో కాగితాలు ఒక్కొక్కటే పెంచుకుంటూ పోతే రెండు మిల్లీమీటర్ల మందం దాకా ఫోన్ చిప్‌ని చదివింది.

ఇది నా ఫోన్, నా చిప్ సంగతి, మీ ఫోన్‌లో ఆ చోటు వేరుగా ఉండొచ్చు. పల్చటి బిళ్ళలాంటి చిప్ అయితే ఈ పద్ధతి పనికిరాదు, దాన్ని చుట్టకి సమాంతరంగా, ఎదురుగా పెట్టాలి. కొత్తగా పెట్టించుకున్నవాళ్ళు మాత్రం వాపు తగ్గేదాకా ఆగి చూడండి.