సరవాక్‌లో ఇబాన్ లాంగ్‌హౌస్‌లకు నదీ ప్రయాణం: బయలుదేరే ముందు జాగ్రత్తలు

సరవాక్ బోర్నియో ద్వీపంలోని మలేషియా రాష్ట్రం. అక్కడి ఇబాన్ తెగకు చెందిన అనేక కుటుంబాలు ఒకే కప్పు కింద కలిసి ఉండే పొడవాటి ఇళ్లే లాంగ్‌హౌస్‌లు.

1. కౌలాలంపూర్ నుంచి వచ్చినా సరవాక్ రాష్ట్రంలో మళ్లీ ఇమిగ్రేషన్ తనిఖీ ఉంటుంది కనుక పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలి. నగదు రాష్ట్ర రాజధాని కూచింగ్‌లోనే తీసుకోవాలి.

2. లెమనాక్, స్క్రాంగ్ వంటి నదుల్లో తిరిగే సన్నని చెక్క పడవల అంచు నీటికి కొద్ది ఎత్తులోనే ఉంటుంది కాబట్టి, లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకూడదు. సామాను నీరు చొరని సంచిలో కట్టాలి. నీరు తగ్గిన రోజుల్లో దిగి పడవను నెట్టవలసి వస్తుంది, అందుకు పట్టున్న చెప్పులు అవసరం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వానలు ఎక్కువ. ఎగువన కురిస్తే ప్రవాహం త్వరగా పెరుగుతుంది, అప్పుడు పడవవాడు వద్దంటే పట్టుబట్టకూడదు.

3. మలేరియా మందుల గురించి వైద్యుణ్ని ముందే అడగాలి. సరవాక్‌లో 2017 నుంచి రేబిస్ ఉంది. లాంగ్‌హౌస్‌లో కుక్కలు తిరుగుతుంటాయి కనుక వాటిని తాకకుండా ఉండటమే మేలు.

4. అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది పట్టించుకోనిది, అనుమతి. లాంగ్‌హౌస్ పెద్ద అయిన తువై రుమాకు ముందుగా కబురు పంపాలి. అక్కడ మరణం సంభవించి సంతాపం పాటిస్తుంటే ప్రయాణం వాయిదా వేసుకోవాలి. కానుకలను అన్ని కుటుంబాలకూ సమంగా పంచేలా ఆయన చేతికే ఇవ్వాలి. చెప్పులు విడిచి, రువాయి అనే ఉమ్మడి వసారాలో కూర్చోవాలి. పిలవకుండా ఎవరి గదిలోకీ వెళ్లకూడదు. బియ్యాన్ని పులియబెట్టి చేసే తువాక్ తాగనివారు, శాకాహారులు ఆ సంగతి గైడ్ ద్వారా ముందే తెలియజేయాలి.