ముసురు పట్టకముందే: పురుగు ఎందుకొచ్చిందో చూడండి, బిళ్ల జోలికి పోకండి

పోయిన నెల మా పక్క వీధిలో ఒక ఇంటివాళ్లు నలుగురూ తెల్లవారుజామున వాంతులతో ఆసుపత్రికి వెళ్లారు. రాత్రి తిన్న కూర మీద అనుమానపడ్డారు. కారణం మంచం కింద ఉందని తర్వాత తెలిసింది. బియ్యానికి పురుగు పట్టిందని బస్తాలో నాలుగు పురుగుమందు బిళ్లలు వేసి, ఆ గదిలోనే తలుపులు మూసుకుని పడుకున్నారు. ముగ్గురు కోలుకున్నారు. పెద్దావిడ దక్కలేదు.

వానలు మొదలవుతున్నాయి. ఇల్లు శుభ్రంగా ఉంచుకోండి, గిన్నెలు కడగండి అని నేను చెప్పనక్కరలేదు. పురుగు ఎందుకు వచ్చిందో చూడకుండా మందు కోసం పరుగెత్తడం గురించే నా బాధంతా.

వాటంతట అవి వచ్చేవి

పుట్టలో వాననీరు చేరితే చీమలు పొడి చోటు వెతుక్కుంటాయి. తిండి దొరికిన చీమ దారిపొడవునా వాసన వదులుతుంది, మిగతావి దాన్నే పట్టుకుని వస్తాయి. చీమల్ని చంపి ఊరుకుంటే మర్నాడు అదే బాటలో ఇంకో బారు. ఆ గీతను సబ్బునీళ్లతో తుడవండి. తొలకరి సాయంత్రం వచ్చే ఉసిళ్లకు (ఇవి రెక్కలొచ్చిన చెదలే) దీపం ఆర్పి కాసేపు కూర్చుంటే చాలు. అయితే కిటికీలు మూసి ఉన్న గదిలో రాలిన రెక్కలు కుప్పగా కనిపిస్తే, చెదలు మీ ద్వారబంధంలోనో గోడలోనో కాపురం పెట్టినట్టే. అప్పుడు దీపం ఆర్పి లాభం లేదు.

మనం మోసుకొచ్చేవి

చిన్న గోధుమరంగు బొద్దింకలు ఎక్కువగా అట్టపెట్టెల మడతల్లో, పాత సామానులో వస్తాయి. నల్లులు పాత మంచంతోనో ప్రయాణపు సంచితోనో దిగుతాయి. ఇక బియ్యం పురుగు. ఆడపురుగు గింజను తొలిచి, లోపల గుడ్డు పెట్టి, ఆ రంధ్రాన్ని పూడ్చేస్తుంది. పైకి ఏమీ కనబడదు. గిడ్డంగిలో పెట్టిన గుడ్డు మీ డబ్బాలో, ఈ తేమకూ వెచ్చదనానికీ, సుమారు నెల రోజుల్లో పురుగై బయటికి వస్తుంది. "మూత బిగించే పెట్టాను కదా" అని ఆశ్చర్యపోతారు. బియ్యంతో పాటు మీరే తెచ్చుకున్నారు.

సరిగ్గా ఇక్కడే ఆ బిళ్లలు ఇంట్లోకి వస్తాయి. అది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. 3 గ్రాముల బిళ్ల నుంచి 1 గ్రాము వాయువు. వానాకాలపు గాలిలో ఇంకా త్వరగా. గోదాముల్లో టార్పాలిన్ కప్పి, మనుషుల్ని ఖాళీ చేయించి, శిక్షణ ఉన్నవాళ్లు వాడాల్సిన సరుకు ఇది. ఇళ్లకు అమ్మకూడదన్న నిబంధన ఉంది. అయినా అమ్ముతున్నారు. ఒంట్లోకి వెళ్తే దీనికి విరుగుడు లేదు.

మూడో రకం, నీళ్లలో పుట్టే దోమ, కిందనే కలిపి చెబుతున్నాను. వరుస చూసుకునే ఓపిక పోయింది.

- ఇంట్లో బిళ్లలు వద్దు. వంటింట్లో వద్దు, అటక మీద వద్దు, పడకగదిలో అసలే వద్దు.
- గుడ్డలో మూటగట్టి వేశాం అంటారు. వాయువుకు గుడ్డ అడ్డమా?
- ఎలుకల కోసమైనా వద్దు.
- పురుగు పట్టిన బియ్యాన్ని మంచి ఎండలో పల్చగా పరచండి. ఎండ లేకపోతే కొద్దికొద్దిగా నాలుగు రోజులు డీప్ ఫ్రిజ్‌లో ఉంచండి.
- వానాకాలానికి బస్తాలు పేర్చుకోకండి. నెలకు సరిపడా కొనండి.
- పాత బియ్యం మీద కొత్తవి పోయకండి.
- కందిపప్పుకు ఆముదం రాసే పద్ధతి మంచిదే. బోరిక్ పొడి మాత్రం కలపకండి.
- కూలర్, పూలకుండీల కింది పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే వారానికోసారి పారబోసి గీకి కడగండి. డెంగీ దోమ గుడ్డు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటుంది, నీళ్లు తగలగానే పొదుగుతుంది.
- పొయ్యి వెలుగుతుండగా స్ప్రే కొట్టకండి.
- బిళ్లలు ఇప్పటికే వేసి ఉంటే తలుపులు బార్లా తీసి అందరూ బయటికి రండి. నీళ్లు పోయకండి, వాయువు ఇంకా పుడుతుంది. చేత్తో తీయకండి. 101కు చెప్పండి.
- వెల్లుల్లి వాసనో కుళ్లిన చేప వాసనో వస్తే బయటికి నడవండి. రాలేదని ధైర్యపడకండి.
- వాంతులు, ఛాతీ బరువు, ఆయాసం మొదలైతే తిండి మీదికి నెట్టకండి. 108కి ఫోను చేయండి. డాక్టరుకు మొదటి మాటే బిళ్లల సంగతి చెప్పండి.
- పక్కవాటాలో వేసినా మీ గోడ పగులు చాలు. వెళ్లి అడగండి, మొహమాటపడకండి.
- "ఏమీ కాదండీ, అందరూ తీసుకెళ్తున్నారు" అంటాడు కొట్టువాడు. పక్క వీధివాళ్లకూ అదే చెప్పి ఇచ్చాడు.