ఆర్కైవ్స్ ప్రాసెసింగ్ సిబ్బందితో పని – 4వ పాఠం: ఎక్కడ ఆగాలో ముందే రాసివ్వడం

మూడో పాఠం చివర నింపమన్న సర్వే కాగితాన్ని ఎదురుగా పెట్టుకోండి. ఏ పెట్టెలో ఏముందో, ఏది ఏ స్థితిలో ఉందో అందులో ఒక్కో వాక్యంలో ఉంటుంది. ఆ కాగితాన్ని పనిగా మార్చి మీ దగ్గర పనిచేసే నలుగురైదుగురికి ఎలా పంచాలో ఈ పాఠంలో చూద్దాం. మనం తీసుకున్న నమూనా అమెరికన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం: ఒక శాశ్వత ఆర్కైవిస్టు (పాత కాగితాలను భద్రపరిచే నిపుణులు), ఒకరిద్దరు సహాయకులు, మిగిలినవారంతా గంటల లెక్కన వచ్చే విద్యార్థులు. ఈ పాఠంతోనే మొదలుపెడుతున్నవారికి ఒక్క మాట. ప్రాసెసింగ్ అంటే వచ్చిన కాగితాలను శ్రేణులుగా, అంటే ఉత్తరాలు, నోట్సు వంటి ఒకే రకం కాగితాల గుంపులుగా అమర్చి, పెట్టెల్లో సర్ది, పరిశోధకులు వెతుక్కోవడానికి వీలుగా ఫైండింగ్ ఎయిడ్ అనే వివరణ పట్టిక రాయడం.

కొత్తగా పర్యవేక్షకులైనవారు పని ఎగ్గొట్టేవారి గురించి భయపడతారు. ఈ పనిలో అంతకన్నా పెద్ద చిక్కు శ్రద్ధగలవారితో వస్తుంది. చరిత్ర ఎం.ఏ. చదివే విద్యార్థినికి ఒక ఆచార్యుడి ఉత్తరాల పెట్టె ఇచ్చి ‘దీన్ని ప్రాసెస్ చెయ్యి’ అని మాత్రమే చెప్పారనుకోండి. ఆమె మొదటి ఉత్తరం చదువుతుంది. బాగుందని రెండోదీ చదువుతుంది. పిన్నులు పీకుతుంది, మడతలు సాపు చేస్తుంది, తేదీ లేని ఉత్తరానికి తేదీ కనిపెట్టాలని కవరు మీది తపాలా ముద్రను భూతద్దంలో చూస్తుంది. వారం తిరిగేసరికి మూడు ఫోల్డర్లు ముచ్చటగా తయారై ఉంటాయి, మిగతా పెట్టె వచ్చినట్టే ఉంటుంది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. చెయ్యి అన్నారు గాని ఎంతవరకు చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

ఒకప్పుడు ఈ వృత్తి మొత్తానికీ ఇదే అలవాటు ఉండేది. 2005లో మార్క్ గ్రీన్, డెన్నిస్ మైస్నర్ అనే ఇద్దరు ఆర్కైవిస్టులు ‘అమెరికన్ ఆర్కైవిస్ట్’ పత్రికలో రాసిన వ్యాసం దాన్ని గట్టిగా నిలదీసింది. గోదాముల్లో పెట్టెలు ఏళ్లతరబడి మూతలు తీయకుండా పడి ఉంటే మీరు ఒక్కో కాగితం పిన్ను తీస్తూ కూర్చున్నారేమిటని వారి ప్రశ్న. 20వ శతాబ్దపు పెద్ద సేకరణలను ఘనపుటడుగుకు సగటున 4 గంటల్లో పూర్తిచేయవచ్చన్నారు. అంతకు మూడు రెట్లు పట్టినా ఎవరూ వింతగా చూడని రోజులవి. పిన్నులు, క్లిప్పులు వదిలేయండి, బాగున్న ఫోల్డర్లు మార్చకండి, ఫోల్డరు లోపలి కాగితాల వరుస జోలికి పోకండి అన్నది వారి సలహాల సారం.

ఆ సలహా వెనుక ఒక షరతుంది, దాన్ని చాలామంది మరచిపోతారు. చల్లదనం, తేమ అదుపులో ఉన్న గదిలో పిన్ను తుప్పు పట్టడానికి చాలా కాలం పడుతుంది కాబట్టే దాన్ని వదిలేయమన్నారు. విశాఖ సముద్రపు గాలికి తెరిచి ఉన్న గదిలోనో, వానాకాలంలో గోడలు చెమర్చే పాత భవనంలోనో పనిచేసేవారు ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించుకోకూడదు. అక్కడ పిన్నులు తీయించడం సబబే. ఆ గంటలను మాత్రం అంచనాలో కలపాలి.

ఇక ఆ 4 గంటల అంకె సంగతి. అది సేకరణ మొత్తానికి సగటు. ఒక మనిషి ఒక పెట్టెకు పెట్టుకోవాల్సిన గడువు కాదు. దాన్ని గోడ మీద రాసి, ‘నీకు ఈ పెట్టెకు ఆరు గంటలెందుకు పట్టింది?’ అని అడిగే పర్యవేక్షకులున్నారు. అలాంటిచోట సిబ్బంది రెండు రకాలుగా నేర్చుకుంటారు. కొందరు తేలికైన పెట్టెలు ఏరుకుంటారు, కొందరు లాగ్ పుస్తకంలో గంటలు తగ్గించి రాస్తారు. రెండో అలవాటు ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే తర్వాతి సేకరణకు మీరు వేసే అంచనా ఆ దొంగలెక్కల మీదే నిలబడుతుంది.

అంచనా ఎలా వేయాలో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. పదవీ విరమణ చేసిన ఒక ఆచార్యుడి కాగితాలు 60 పెట్టెలు వచ్చాయి. పెట్టె అంటే సుమారు ఒక ఘనపుటడుగు పట్టే అట్టపెట్టె. సర్వేలో తేలింది ఇది: ఉత్తరాలు 12 పెట్టెలు, పరిశోధన నోట్సు 25, ఇతరుల వ్యాసాల అచ్చుప్రతులు 10, పాఠాల ఫైళ్లు 8, ఫొటోలూ ఆడియో టేపులూ 3, ఇంటి కాగితాలు 2.

అన్నింటినీ ఒకే లోతులో చేయడం దండగ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు 2012 నాటి తమ మార్గదర్శకాల్లో ప్రాసెసింగును ఐదు స్థాయిలుగా విడదీసి, ఒకే సేకరణలో వేర్వేరు శ్రేణులకు వేర్వేరు స్థాయిలు ఇవ్వవచ్చన్నాయి. మనమూ అదే దారిలో వెళదాం. పరిశోధకులు ముందుగా అడిగేది ఉత్తరాలే కాబట్టి వాటికి పెట్టెకు 8 గంటలు, అంటే 96. నోట్సుకు 3 చొప్పున 75. అచ్చుప్రతులు చాలావరకు ఏ గ్రంథాలయంలోనైనా దొరుకుతాయి. ఆచార్యుడు అంచుల్లో ఏమైనా రాసుకున్నవి మాత్రం ఏరి మిగతావి తీసివేయడానికి పెట్టెకు గంట చాలు, మొత్తం 10. దానపత్రంలో అందుకు ఒప్పుకోలు ఉందో లేదో మాత్రం ముందు చూసుకోండి. పాఠాల ఫైళ్లలో మార్కుల జాబితాలుంటాయి గనుక 5 చొప్పున 40. ఫొటోలు, టేపులకు 9 చొప్పున 27. ఇంటి కాగితాలకు 6 చొప్పున 12. మొత్తం 260 గంటలు. సగటు పెట్టెకు నాలుగు గంటల పైచిలుకు. మీ సొంత సర్వే, ఫైండింగ్ ఎయిడ్ సరిచూడటం ఇందులో లేవు, వాటిని విడిగా రాసుకోండి.

ఇప్పుడు మనుషుల లెక్క. సెమిస్టరు 15 వారాలు. మొదటి వారం నేర్పడానికి పోతుంది, చివరి వారం పరీక్షలకు పోతుంది. వారానికి పది గంటల చొప్పున ఇద్దరు విద్యార్థులు 13 వారాల్లో ఇచ్చేది సరిగ్గా 260. ఇంత చక్కగా కుదిరిందంటే అనుమానించాలి. జ్వరాలు వస్తాయి, మధ్యంతర పరీక్షలు వస్తాయి, మంచు పడి విశ్వవిద్యాలయం మూసేస్తారు. నా సలహా, విద్యార్థుల గంటల్లో ఐదో వంతు మొదటే కొట్టేయండి. అప్పుడు మిగిలేది 208. లోటు పూడ్చడానికి మూడో విద్యార్థిని అడగవచ్చు, లేదా నోట్సు స్థాయిని దించవచ్చు. ఫోల్డర్ల జాబితాకు బదులు పెట్టెకు ఒక్క వాక్యం వివరణతో సరిపెడితే పెట్టెకు 3 గంటల బదులు గంట చాలు, 50 గంటలు మిగులుతాయి. ఆ నిర్ణయం మీరే తీసుకోవాలి. డిసెంబరులో గడువు తరుముకొచ్చాక విద్యార్థి తనంతట తాను తీసుకునే పరిస్థితి రానివ్వకూడదు.

అమెరికాలో ఇలాంటి ఉద్యోగాలకు వచ్చేవారిలో మన తెలుగు విద్యార్థులూ ఉంటారు కాబట్టి ఒక నియమం గుర్తు చేస్తాను. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించి పనిచేయకూడదు. మరోచోట, క్యాంటీన్‌లోనో ప్రయోగశాలలోనో, చేసే గంటలూ అందులోకే వస్తాయి. ‘ఈ వారం కాస్త ఎక్కువసేపు ఉండు’ అని మీరు మొహమాటపెడితే ఆ విద్యార్థి కాదనలేకపోవచ్చు. అడగకపోవడం మీ బాధ్యత.

నిర్ణయించిన స్థాయిలను శ్రేణికి ఒక పేరా చొప్పున రాసివ్వండి. నోటితో చెబితే రెండో వారానికి ఎవరికి గుర్తున్నది వారు చేస్తారు. నోట్సు శ్రేణికి మొదటి అంచనా ప్రకారమైతే ఆ పేరా ఇలా ఉండవచ్చు:

‘శ్రేణి 2, పరిశోధన నోట్సు, 25 పెట్టెలు. ఆచార్యుడు పెట్టుకున్న వరుస కదపవద్దు. ఫోల్డరు మీద పేరుంటే దాన్నే పట్టికలో ఎక్కించాలి. లేకపోతే మొదటి ఐదు కాగితాలు చూసి పేరు పెట్టి, అది మనం పెట్టినదని చదరపు కుండలీకరణాలతో గుర్తించాలి. చిరిగితే తప్ప ఫోల్డరు మార్చవద్దు. పిన్నులు తీయవద్దు. లోపల తేదీల వరుస పెట్టవద్దు. పెట్టెకు 3 గంటలు. నాలుగో గంటలో పడితే నన్ను పిలవాలి.’

ఇందులో వద్దు అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. చేయాల్సినవి ఎవరైనా రాస్తారు. శ్రద్ధగల మనిషికి కావలసింది ఫలానాది వదిలేయవచ్చని రాతపూర్వకంగా ఇచ్చే అనుమతి.

ఎవరికి ఏ శ్రేణి ఇవ్వాలన్నది తర్వాతి ప్రశ్న. మార్కుల జాబితాలు, సిఫారసు లేఖలు ఉన్న పాఠాల ఫైళ్లను అదే శాఖ విద్యార్థికి ఇవ్వకండి. తన గురువు గురించో స్నేహితుడి గురించో చదవాల్సి రావచ్చు. విద్యార్థుల విద్యారికార్డుల గోప్యతకు అమెరికాలో 1974లో వచ్చిన చట్టం ఉంది, అక్కడ అందరూ ఫెర్పా అంటారు. దాని నిబంధనలన్నీ సిబ్బందికి వల్లె వేయించక్కర్లేదు. మార్కులు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు, వైద్యం కాగితాలు కనిపిస్తే చదవడం ఆపి, రంగు కాగితం ఒకటి పెట్టి, పెట్టె నంబరు లాగ్‌లో రాసి ముందుకు పోవాలి. తీయాలా, మూసి ఉంచాలా అన్నది మీరు తేల్చాలి. హింస, మరణం, వేధింపుల గురించిన కాగితాలు ఉన్న పెట్టె అయితే ముందే చెప్పండి. వద్దన్నవారికి కారణం అడగకుండా వేరే పెట్టె ఇవ్వండి.

భాష తెలిసినవారి విషయం ఇంకాస్త సున్నితం. దక్షిణాసియా మీద పనిచేసిన ఆచార్యుడి ఉత్తరాల్లో తెలుగువి ఒక కట్ట ఉందనుకోండి, మీ విద్యార్థుల్లో ఒకరికి తెలుగు వచ్చు. ఆమెను పిలిచి ఉత్తరాలన్నీ అనువదించమనడం అందరికీ తోచే పనే, మన ప్రణాళికను అది పూర్తిగా తలకిందులు చేస్తుంది. రాసినవారి పేర్లు, మొదటి తేదీ, చివరి తేదీ, రెండు మాటల్లో విషయం, ఇంతే అడగండి. ఆమె వల్ల అసలు లాభం పేర్ల దగ్గరుంది. తెలుగు తెలియనివారు జాబితా చేస్తే ఉత్తరాలు రాసినవారిలో సగం మంది ‘రావు’ కింద, మిగతా సగం ‘రెడ్డి’ కింద చేరిపోతారు. పేరు ముందున్న పొడి అక్షరం ఇంటిపేరుదని ఆమెకు తెలుసు, ఒకే మనిషి మూడు రకాలుగా సంతకం చేస్తే పోల్చుకోగలదు. పేర్లను రోమన్ లిపిలో రాయడానికి అమెరికన్ గ్రంథాలయాలు వాడే పట్టికల్లో తెలుగుకు కూడా ఒకటుంది, అది ఆమె చేతికివ్వండి. ఈ నైపుణ్యాన్ని ఉద్యోగ వివరణలో చేర్పించి, వీలైతే వేతనశ్రేణి పెంచమని అడగండి. భాషాజ్ఞానాన్ని ఊరికే వాడుకోవడం గ్రంథాలయాల్లో అలవాటైపోయింది, అది మంచి అలవాటు కాదు.

వారానికొకసారి ఒక్కొక్కరితో పావుగంట కూర్చోండి. ‘ఎన్ని పెట్టెలయ్యాయి?’ అని మొదలుపెట్టవద్దు, అది లాగ్‌లో ఉంటుంది. ‘ఈ వారం ఎక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చింది?’ అని అడగండి. ‘ఎనిమిదో పెట్టెలో నోట్సు మధ్య ఉత్తరాలు దొరికాయి, తీసి ఉత్తరాల్లో కలపనా?’ అని అడిగితే సమాధానం చెప్పి, అదే సమాధానాన్ని ప్రణాళికలో ఆ శ్రేణి కింద తేదీ వేసి చేర్చండి. రేపు ఇంకొకరు అదే ప్రశ్న అడగక్కర్లేదు. (కలపవద్దు. ఆయన వాటిని నోట్సు పక్కన పెట్టుకోవడానికి కారణం ఉండి ఉంటుంది. ఫోల్డరు పేరులో ఉత్తరాలున్నాయని ఒక మాట చేరిస్తే చాలు.)

గ్రాంటు డబ్బుతో ఏడాదికో రెండేళ్లకో వచ్చే ఆర్కైవిస్టులకు ఈ రాతకోతల అవసరం మరీ ఎక్కువ. ప్రాజెక్టు ముగిసిన రోజున వారు తెలుసుకున్నదంతా వారితోనే పోతుంది. అందుకే గడువుకు రెండు నెలల ముందే కొత్త పెట్టెలు తెరవడం ఆపించి, మిగిలిన సమయాన్ని ఫైండింగ్ ఎయిడ్‌కు, తర్వాతి ఉద్యోగం వెతుక్కోవడానికి వదలండి. ఆ ఉద్యోగ దరఖాస్తుల కోసం వారు చేసిన పని వారి పేరుతోనే ఫైండింగ్ ఎయిడ్‌లో నమోదయ్యేలా చూడండి.

అభ్యాసం: మీ సర్వే కాగితంలోంచి రెండు శ్రేణులు తీసుకోండి, ఒకటి పరిశోధకులు ఎక్కువగా అడిగేది, ఒకటి దాదాపు ఎవరూ అడగనిది. రెంటికీ పైన చూపినట్టు ఒక్కో పేరా రాయండి, ఒక్కోదానిలో కనీసం మూడు ‘వద్దు’లు ఉండాలి. తర్వాత ఈ పని తెలియని ఒకరికి ఆ పేరా, ఒక పెట్టె ఇచ్చి గంటసేపు చేయమనండి, మీరు పక్కన ఉండవద్దు. వారు అడిగిన ప్రశ్నలు రాసి పెట్టుకోండి. ఐదో పాఠంలో ఆ ప్రశ్నలతోనే విద్యార్థులకు మొదటి వారం శిక్షణ ఎలా రూపొందించాలో చూద్దాం.