కాడ్మియం టెల్యురైడ్ స్ఫటికం: మూసను కవ్వంలా తిప్పిన నా అనుభవం

విశాఖపట్నంలోని మా ప్రయోగశాలలో, 1092 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగే అర్ధవాహకమైన కాడ్మియం టెల్యురైడ్‌ను బ్రిడ్జ్‌మన్ పద్ధతిలో (కరిగిన పదార్థమున్న మూసను, అంటే పాత్రను, వేడి చోటు నుంచి చల్లని చోటుకు మెల్లగా జరుపుతూ గట్టిపరచడం) ఒకే అఖండ స్ఫటికంగా పెంచుతున్నప్పుడు, పెరుగుదల వేగం కొంచెం పెంచినా ద్రవం గట్టిపడే తలం ముందు అదనపు టెల్యూరియం పేరుకొని, పరారుణ సూక్ష్మదర్శినిలో నల్లని త్రికోణపు మచ్చలుగా కనిపించేది. మూసను ఒకే వేగంతో తిప్పి చూశాను. ద్రవం కూడా దానితోపాటే తిరగడం వల్ల కలవలేదు. మూస తిరిగే వేగాన్ని పదేపదే పెంచి తగ్గించాలని స్ఫటికాల పెంపకంలో పరిశోధకుడైన హాన్స్ షీల్ 1972లో ప్రచురించిన పద్ధతి, మజ్జిగ కవ్వాన్ని ముందుకూ వెనక్కూ లాగడాన్ని తలపించే ఆ చక్కని ఉపాయం, అప్పుడు అక్కరకొచ్చింది. వేగం మారినప్పుడల్లా గోడ దగ్గరి ద్రవం ముందు స్పందించి, లోపలిది వెనకబడడంతో పుట్టే ప్రవాహం స్ఫటికం ముందున్న టెల్యూరియం పొరను పలచన చేస్తుంది. సముద్రపు గాలికి తుప్పుపట్టి వణుకుతున్న బేరింగును కూడా మార్చాక, మునుపు స్ఫటికాలు చెడిన పెరుగుదల వేగంలోనే మచ్చలు బాగా తగ్గాయి.