చెరువు గట్టు చూడాలంటే బయటి వైపు దిగండి

డెల్టా ఊళ్లలో మంచినీటి చెరువు గట్టు ఎత్తు చాలాచోట్ల రెండు మూడు మీటర్లకు మించదు. అందుకే దాన్ని ఎవరూ డ్యామ్ కింద లెక్కపెట్టరు. కానీ వేసవిలో కాలువలు కట్టేసే ముందు నిండుగా పెట్టుకున్న నీరు చుట్టుపక్కల చేల కంటే ఎత్తున నిలబడి ఉంటుంది. ఆపుతున్నది మట్టి ఒక్కటే. చూడ్డానికి వెళ్లినవాళ్లు గట్టు మీద ఓ చుట్టు తిరిగి, నీళ్ల వైపు చూసి వచ్చేస్తారు. జబ్బు ముందు బయటపడేది రెండో వైపున.

చెరువు నిండిన రెండు మూడు రోజులకు ఒకసారి, తుపాను వాన వెలిసిన వెంటనే ఒకసారి బయటి వాలు కింద అంచు వెంట నడవాలి. ముందు రోజే గడ్డి కోయించండి. పొద్దున్నే వద్దు, మంచు ఆరాక వెళ్లండి. లేకపోతే మంచు తడి ఏదో, ఊట తడి ఏదో తెలియదు. గడకర్ర, టేపు, బకెట్, గాజు సీసా, గుర్తు పెట్టడానికి కాస్త సున్నం ఉంటే చాలు. కాళ్లకు బూట్లు మాత్రం తప్పనిసరి, పొదల్లో పాములుంటాయి.

చుట్టూ గడ్డి ఎండిపోయినా ఒక్కచోట పచ్చగా ఉందంటే, వాలు మీద తుంగ మొలిచిందంటే అక్కడ ఊట ఉన్నట్టే. ఊట ఎంత ఎత్తులో ఉందన్నది ముఖ్యం. గట్టు అడుగున కాస్త చెమ్మ మట్టికట్టకు మామూలే. వాలు నడుమ తడి కనిపిస్తే గట్టు లోపల నీటి మట్టం పైకి వచ్చిందని అర్థం. ఆ మట్టి బరువెక్కి జారడానికి సిద్ధంగా ఉంటుంది. గడకర్ర గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగుతుంది.

ఊట పారుతుంటే చిన్న కాలువ తీసి బకెట్‌లోకి మళ్లించి కొలవండి. పది లీటర్ల బకెట్ అయిదు నిమిషాల్లో నిండితే నిమిషానికి రెండు లీటర్లు. ఆ అంకె పక్కనే ఆ రోజు చెరువు మట్టం కూడా రాసుకోండి. మట్టం పెరిగినప్పుడు ఊట పెరగడం సహజం; మట్టం అంతే ఉండి ఊట పెరిగితే లోపల దారి వెడల్పవుతోంది. తర్వాత గాజు సీసాలో ఆ నీళ్లు పట్టి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున ఒండ్రు, ఇసుక పేరుకుంటే నీరు గట్టును రేణువు రేణువుగా మోసుకుపోతోందన్నమాట. ఈ కోత బయటి నోటి దగ్గర మొదలై వెనక్కి, చెరువు వైపు పాకుతుంది. అది చెరువును అందుకున్నాక గండి పడటానికి ఎంతో సేపు పట్టదు.

బుంగ, అంటే గట్టులోంచి నీరు తన్నుకొచ్చే కన్నం, కనబడగానే చాలామంది చేసే పని దాని నోట్లో మట్టి బస్తా కుక్కడం. అది తప్పు. లోపలి ఒత్తిడి పోదు, పక్కనే ఇంకోచోట తన్నుకొస్తుంది. నీటిని పోనివ్వాలి, మట్టిని ఆపాలి. తడిచోటుకు అన్ని వైపులా అర మీటరు ఎక్కువగా, జానెడు మందాన ముతక ఇసుక పరవండి. దానిపై కంకర చిప్స్, ఆపైన రాయి. నేలలోంచి ఇసుక ఉబికి బుగ్గలా పొంగుతుంటే దాని చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా గూడు కట్టాలి. లోపల నీరు తేటగా మారేదాకా ఎత్తు పెంచి అక్కడ ఆపేయండి; పొర్లిన నీరు పోవడానికి దారి ఉంచండి. 1986 ఆగస్టు గోదావరి వరదను చూసిన ఏటిగట్ల ఊళ్లకు ఇసుక, ఖాళీ సంచులు, సరుగుడు బాదులు ముందే తెచ్చి పెట్టుకోవడం ఎందుకో చెప్పక్కర్లేదు. ఇదంతా చేస్తూనే తూము ఎత్తి మట్టం తగ్గించాలి. నీళ్ల వైపు సుడి కనిపిస్తే దానిపై బరువులు కట్టిన బరకం దింపండి, మనుషులను మాత్రం దింపకండి.

ఊట ఎక్కువగా మొదలయ్యేది తూము పక్కనో, గట్టులో గుచ్చిన ప్లాస్టిక్ గొట్టం వెంటో. గొట్టం కింద మట్టి సరిగా దిమ్మిస కొట్టడం కుదరదు, సందు మిగులుతుంది. పందికొక్కుల బొరియలు, పీతల కన్నాలు ఆ సందుకు తోడవుతాయి. గట్టు మీద చెట్టు నరికి మొద్దు వదిలేసినా అంతే: వేరు కుళ్లి గొట్టంలా మిగులుతుంది. మొక్కగా ఉన్నప్పుడే పీకేయాలి. గట్టుకు గరికను మించిన కాపలా లేదు.

గట్టుకు అడ్డంగా, అంటే చెరువు వైపు నుంచి చేను వైపుకు పోయే పగులు గట్టు పొడవునా పోయే పగులు కంటే ప్రమాదం, నీటికి నేరుగా దారి అదే. పగులు ముగిసిన చోటు కంటే ఇంకో జానెడు లోతుకు తవ్వి, జిగురుమట్టిని జానెడు మందం పొరలుగా వేసి దిమ్మిస కొట్టాలి. మట్టి పిడికిట్లో ముద్ద కట్టాలి, చేతికి అంటకూడదు. నల్లమట్టి గట్టు ఎండకు నెర్రెలిస్తుంది కాబట్టి ఈ పని చెరువు నింపక ముందే చేసుకోవాలి. పొడవునా పోయే పగులు వాలు జారబోతోందని చెప్పే గుర్తు. దానికి రెండు వైపులా మేకులు దిగ్గొట్టి, మధ్య దూరాన్ని రోజూ కొలవండి.

పూడిక తీయడానికి ఇంజన్లు పెట్టి రెండ్రోజుల్లో తోడేస్తే తడిసిన లోపలి వాలు నీటి ఆసరా పోయి కిందికి జారుతుంది. రోజుకు అర అడుగు మించకుండా దించండి. పూడిక పేరుతో జిగురుమట్టి పొరను దాటి తవ్వితే కింద ఇసుక తగులుతుంది, పాత ఏటి పాయల మీదున్న ఊళ్లలో మరీను. పక్కన చేపల చెరువు ఉంటే ఇంకో చిక్కు: పట్టుబడి కోసం వాళ్లు నీరు తీసేయగానే ఉమ్మడి గట్టుపై ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ఏ రోజు తోడతారో ముందే అడిగి, ఆ రెండు రోజులూ పొద్దునా సాయంత్రం ఆ పక్క చూసుకోండి.

చివరగా, మేస్త్రీల లెవెల్ గొట్టంతో అయిదేసి మీటర్లకు ఒకచోట గట్టు మట్టం చూడండి. ట్రాక్టర్ చక్రాల గాడి పడిన చోటో, పశువులు దిగే చోటో పల్లం దొరుకుతుంది. గట్టు ఎత్తు ఎంతని ఎవరైనా అడిగితే ఆ పల్లం దగ్గరి అంకె చెప్పండి; చెరువు పొర్లేది అక్కడే.