మార్క్ 2 అంబాసిడర్, బొలెరో పికప్: పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి

పాత బండి కొనేటప్పుడు ఈ రెండింటిలో ఏది తీసుకోవాలో తేల్చుకోవడానికి, రెండు బండ్లనూ పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా చూడండి. రేడియేటర్ మీద చేయి పెడితే వెచ్చగా తగిలిందా, స్టార్టింగ్ ఇబ్బందిని దాచడానికి ముందే వేడి చేసి ఉండొచ్చు. ఇంకో రోజు రండి.

అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ చోక్ లాగితే రెండు మూడు తిప్పులకు అందుకోవాలి. అందుకోకపోతే ముందు డిస్ట్రిబ్యూటర్‌లో ఉండే కాంటాక్ట్ పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ., స్పార్క్ ప్లగ్గుల గ్యాప్ 0.63 మి.మీ. ఉందో లేదో కొలవండి. ఇది గంట పని, దీనికోసం బేరం వదులుకోవద్దు. పికప్‌లో స్టార్ట్ చేశాక ఆయిల్ పోసే మూత తీయండి. బుసబుసమని ఆవిరి తన్నుతూ, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టే.

అసలు తేడా బండి అడుగున ఉంది. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. తలుపుల కింద పొడుగునా ఉండే సిల్ పట్టీలు తుప్పు తింటే బండి నడుము విరిగినట్టే. పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని సిల్ వెంట, డిక్కీ అడుగున జరుపుతూ పోండి. పట్టు వదిలిన చోట రంగు కింద ఉన్నది పుట్టీ. తర్వాత ఒక పక్క జాకీ ఎత్తి తలుపు తెరవండి, పట్టేస్తే సిల్ పోయింది. మిగతావన్నీ బాగు చేయించుకోవచ్చు గానీ దీనికి మాత్రం చాలా ఖర్చవుతుంది.

పికప్‌కు తొట్టి తుప్పు పట్టినా ఫర్వాలేదు. వెనక ఇరుసు పైన ఛాసిస్‌కు వెల్డింగ్ అతుకులు, విరిగిన కమాన్ కట్టలు ఉన్నాయేమో చూడండి. కడప బండలు మితిమీరి మోసిన బండి అక్కడే బయటపడుతుంది.

బ్రేకుల పరీక్ష నిలబెట్టే చేయండి. పెడల్ 30 సెకన్లు గట్టిగా తొక్కి పట్టుకోండి. మెల్లగా దిగితే, బ్రేక్ ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు కారుతోంది. మార్క్ 2లో నాలుగు చక్రాలకూ ఒకే ఆయిల్ లైను, ఒక చోట కారితే ఇక హ్యాండ్ బ్రేకే దిక్కు. ఇది తేలకుండా గువ్వలచెరువు ఘాట్ ఎక్కొద్దు. తేలాక రాయచోటి వైపు నుంచి కడపకు రెండో గేరులో దిగండి. నాలుగూ డ్రమ్ బ్రేకులే కాబట్టి ఊరికే తొక్కుతుంటే డ్రములు వేడికి వ్యాకోచించి పెడల్ లోతుకు పోతుంది. పికప్‌కు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, తొక్కుడుకు బలం కలిపే బూస్టర్ ఉంటాయి. బూస్టర్‌కు ఇంజన్ నడవాలి, దిగుడులో ఇంజన్ ఆపొద్దు. పికప్‌ను సగం లోడుతో నడిపి చూడండి, ఖాళీగా వెనక ఎగిరెగిరి పడుతుంది.

అనంతపురం మే ఎండలో పది నిమిషాలు ఆపి మళ్ళీ స్టార్ట్ చేయండి. అంబాసిడర్ పెట్రోల్ పంపు ఇంజన్‌కు ఆనుకుని ఉంటుంది. లోపల పెట్రోల్ ఆవిరై బండి మొండికేస్తే పంపు మీద తడిగుడ్డ వేయండి, అందుకుంటుంది. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది కాబట్టి పాత రబ్బరు పైపులు, పంపు లోపలి పొర (డయాఫ్రం) ముందే మార్పించాలి.

50 ఏళ్ళు దాటి, ఇంజన్, బాడీ మార్చని కారుకు 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు. దాన్ని రోజువారీ తిప్పడానికి గానీ, బాడుగకు గానీ వీల్లేదు. బాడుగే మీ బతుకుదెరువైతే పికప్ తీసుకోండి. దాని ఆర్‌సీలో మొత్తం బరువు నుంచి ఖాళీ బరువు తీసేస్తే వచ్చేదే మీరు ఎత్తగల లోడు.