సమురాయ్‌ల చావు మాటలు చదివే పద్ధతి

"సమురాయ్ మార్గమంటే చావే" అన్న వాక్యం ఎవరి స్టేటస్‌లోనో చూసి ఊగిపోయే ముందు తేదీలు చూడండి. అది హగకురె అనే పాత జపాన్ పుస్తకంలోది. చెప్పినాయన యమమోతొ త్సునెతొమొ 1659లో పుట్టాడు, జపాన్‌లో చివరి పెద్ద పోరు షిమబర తిరుగుబాటు 1638లోనే అణిగిపోయింది. అంటే యుద్ధమే చూడని మనిషి, సాగా సంస్థానంలో కొలువు చేసుకున్న ఉద్యోగి. 1700లో ప్రభువు నబెషిమ మిత్సుషిగె పోయినప్పుడు ఆయన వెంటే పోదామనుకున్నా, అలా ప్రాణం తీసుకోవడం అప్పటికే నిషేధం కాబట్టి గుండు చేయించుకుని సన్యాసి అయిపోయాడు. ఆ తర్వాతి మాటలే ఇవి!

రెండోది, ఆ భాగం చివరిదాకా చదవండి. రోజూ పొద్దున్నా సాయంత్రం మనసులో చచ్చిపోతూ ఉంటే, జీవితాంతం మాట పడకుండా కొలువు నిర్వహించగలవు అంటాడు. అంత గంభీరంగా మొదలెట్టి తేలింది డ్యూటీ దగ్గర.

మూడోది, ఆ సాధన ఎలా ఉండేదో చూడండి. పొద్దున్నే మనసు నిమ్మళం చేసుకుని, బాణాలు, ఈటెలు, కత్తులు ఒంటిని చీలుస్తున్నట్టు, అలలు లాక్కుపోతున్నట్టు, పిడుగు పడినట్టు, భూకంపంలో ఊగిపోతున్నట్టు, రోగంతో పోతున్నట్టు వరసగా ఊహించుకోవాలి. దాంతోపాటు పాతకాలపు సమురాయ్‌లు రోజూ స్నానం చేసి, తలకి పరిమళం పట్టించి, గోళ్లు కత్తిరించి నున్నగా రుద్దుకునేవాళ్లట, ఆరోజే చస్తే శవం చూసి శత్రువు నవ్వకూడదని. (ఇదే పుస్తకంలో నలుగురిలో ఆవలింత ఎలా ఆపుకోవాలో కూడా ఉంది, నుదురు పైకి రుద్దుకోవాలట.) మీరు ప్రయత్నిస్తే రెండు నిమిషాలు చాలు, వెంటనే వాయిదా వేసిన పని ఒకటి చేతిలోకి తీసుకోండి. ఇప్పటికే చావు ఆలోచనలు వేధిస్తుంటే మాత్రం దీని జోలికి పోవద్దు, దగ్గరివాళ్లతోనో డాక్టర్‌తోనో మాట్లాడండి.

నిజానికి కొత్తవాళ్లు అదే కాలంలో సమురాయ్‌ల నడవడి మీద రాసిన దైదొజి యూజాన్‌తో మొదలుపెడితే నయం. కొత్త సంవత్సరం పొద్దున తినడానికి పుల్లలు పట్టుకున్నప్పటి నుంచి ఏడాది చివరి రాత్రి దాకా చావు గుర్తుండాలంటాడు, అలా ఉంటే అనవసర గొడవలకు పోరు, తిండీ తాగుడూ అదుపులో ఉంటాయి, ఎక్కువకాలం బతుకుతారు అని కూడా అంటాడు.

ఇక అకొ రోనిన్‌ల కథకి రండి, అంటే ప్రభువును పోగొట్టుకున్న అకొ సంస్థానపు సమురాయ్‌లు. ఒక అధికారి మీద కత్తి దూసినందుకు శిక్షగా వాళ్ల ప్రభువు 1701లో ప్రాణం తీసుకోవాల్సొస్తే, ఆ అధికారిని చంపి పగ తీర్చుకున్నది 1703 మొదట్లో. జనం వాళ్లను నెత్తిన పెట్టుకున్నారు, త్సునెతొమొ మాత్రం ఈలోగా శత్రువు జబ్బు చేసి చస్తే ఏం చేసేవారని తిట్టాడు. మీరు ఎవరి పక్షమో తేల్చుకున్నాక హగకురె మళ్లీ తెరవండి.